ఇంచికోర్ ఇంజనీరు – ఆలివర్ బులీడ్

ఐరోపా ఖండానికి పశ్చిమాన, అట్లాంటిక్ మహాసముద్రపు అంచున ఉన్న చిన్న దేశం ఐర్లండు. అక్కడ పచ్చిక బయళ్ళకు కొదవ లేదు, వర్షానికి కొదవ లేదు. కాని నేల అడుగున బొగ్గు మాత్రం నామమాత్రమే. అయినప్పటికీ 1834వ సంవత్సరం డిసెంబరు నెలలోనే డబ్లిన్ నగరం నుండి కింగ్స్‌టౌన్ రేవుకు అక్కడ రైలు నడిచింది. అటుపిమ్మట దేశమంతటా రైలుమార్గాలు అల్లుకున్నాయి. వాటి పట్టాల మధ్య దూరం 5 అడుగుల 3 అంగుళాలు. మన బ్రాడ్‌గేజి కంటె మూడంగుళాలు తక్కువ. నూరేళ్ళకు పైగా ఆ మార్గాలపై నడిచిన ఇంజనులన్నీ పొరుగున ఉన్న బ్రిటన్ నుండి ఓడలపై వచ్చే బొగ్గును నమ్ముకొని బతికాయి. ఆ బొగ్గు రావడం ఆగిపోయిన నాడు ఐర్లండు రైళ్ళు కూడా ఆగిపోయాయి. ఆవిరిని విడిచి డీజిలును ఆశ్రయించక తప్పని స్థితి ఏర్పడింది. ఆ మార్పును నడిపించవలసిన బాధ్యత జీవితమంతా ఆవిరి యంత్రాన్నే ఆరాధించిన ఒక వృద్ధ ఇంజనీరు భుజాలపై పడింది. ఆయనే ఆలివర్ వాన్ స్నెల్ బులీడ్.

బులీడ్ 1882వ సంవత్సరం సెప్టెంబరు 19వ తేదీన న్యూజిలాండ్ దేశంలోని ఇన్వర్‌కార్గిల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి విలియం, తల్లి మేరియన్ బ్రిటన్ నుండి అక్కడికి వలస వెళ్ళినవారు. ఆలివర్‌కు ఏడేళ్ళు నిండకముందో, నిండుతుండగానో తండ్రి మరణించాడు. తల్లి పిల్లలను తీసుకొని వేల మైళ్ళ సముద్రప్రయాణం చేసి వేల్స్‌లోని లాన్‌ఫిలిన్ గ్రామంలో ఉన్న పుట్టింటి పంచకు చేరింది. బాలుడు ఇంగ్లండులోని ఆక్రింగ్టన్ పట్టణంలో చదువుకున్నాడు. 1901లో, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో, డాన్‌కాస్టర్‌లోని గ్రేట్ నార్తరన్ రైల్వే కర్మాగారంలో శిక్షణార్థిగా చేరాడు.

ఆ కర్మాగారానికి అప్పుడు అధిపతి హెచ్. ఎ. ఐవట్. ఆయన డాన్‌కాస్టర్‌కు రాకముందు ఐర్లండులో, డబ్లిన్ శివారున ఉన్న ఇంచికోర్ కర్మాగారంలో ఇంజనుల శాఖను నిర్వహించినవాడు. అర్ధశతాబ్దం గడిచిన తరువాత తన శిష్యుడు అదే ఇంచికోర్‌లో అదే ఆసనంపై కూర్చుంటాడని ఐవట్ ఊహించి ఉండడు. నాలుగేళ్ళ శిక్షణ ముగియగానే బులీడ్‌కు ఇంజనులను నడిపే విభాగంలో, అంటే షెడ్ల పర్యవేక్షణలో, సహాయకుడిగా ఉద్యోగం లభించింది. ఇంజనును కాగితంపై గీసేవారికి తెలియని సంగతులు దానిని తెల్లవారుజామున రాజేసేవారికి తెలుస్తాయి. ఈ పాఠం ఆయన యౌవనంలోనే నేర్చుకున్నాడు. అయితే జీవితంలో ఒకటి రెండు సందర్భాలలో దానిని మరచిపోయాడని కూడా చెప్పవలసి ఉంటుంది.

1908లో ఆయన పారిస్ వెళ్ళి వెస్టింగ్‌హౌస్ సంస్థ ఫ్రెంచి శాఖలో పనిచేశాడు. ఆ సంవత్సరమే ఐవట్ చిన్న కుమార్తె మార్జొరీని వివాహమాడాడు. తరువాత కొంతకాలం బ్రసెల్స్, ట్యూరిన్ నగరాలలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలకు బ్రిటిష్ ప్రభుత్వం పక్షాన పనిచేసి, 1912 చివరలో మరల డాన్‌కాస్టర్ చేరాడు. అప్పటికి ఐవట్ స్థానంలోకి నైజెల్ గ్రెస్లీ వచ్చాడు. బ్రిటిష్ రైలు ఇంజనుల నిర్మాతలలో అగ్రగణ్యుడైన గ్రెస్లీకి బులీడ్ ఆంతరంగిక సహాయకుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యపు రైలు రవాణా విభాగంలో పనిచేసి మేజరు హోదా పొందిన కాలాన్ని మినహాయిస్తే, పాతికేళ్ళ పాటు ఈ ఇద్దరి అనుబంధం కొనసాగింది. గ్రెస్లీ ఆచితూచి అడుగు వేసే స్వభావం గలవాడు. బులీడ్ తలలో పూటకొక కొత్త ఆలోచన మొలిచేది. గురువు వాటిలో పనికివచ్చేవి ఏరుకొని మిగిలినవాటిని పక్కన పెట్టేవాడు. ఆ వడపోత ఉన్నంతకాలం బులీడ్ ప్రతిభ నిరపాయంగా ప్రకాశించింది.

1937లో ఆయన సదరన్ రైల్వేకు ముఖ్య యాంత్రిక ఇంజనీరుగా నియమితుడైనాడు. యాభై అయిదేళ్ళ వయసులో తొలిసారిగా సర్వస్వతంత్రుడయ్యాడు. 1941లో మర్చంట్ నేవీ తరగతి ఇంజనులు, 1942లో క్యూ 1 తరగతి సరకు ఇంజనులు, 1945లో వెస్ట్ కంట్రీ తరగతి ఇంజనులు వరుసగా వెలువడ్డాయి. వాటి బాయిలర్లు అద్భుతమైనవని విమర్శకులు సైతం అంగీకరించారు. కాని చక్రాలకు ఆవిరిని అందించే కవాటాల యంత్రాంగాన్ని గొలుసులతో నడిపించి, దానినంతటినీ నూనె తొట్టిలో ముంచి మూసివేయడం ఆయన సొంత ఊహ. దుమ్ము సోకదు, రోజూ నూనె పోయనక్కరలేదు, షెడ్డులో కూలి ఖర్చు తగ్గుతుంది అని ఆయన తలచాడు. ఆచరణలో నూనె కారి చక్రాలపై పడేది, చక్రాలు జారేవి, ఒక్కొక్కసారి బాయిలరు చుట్టూ ఉన్న పొరకు నిప్పంటుకునేది. షెడ్డు పనివారి శ్రమను తగ్గించాలని చేసిన ఏర్పాటే వారికి కొత్త తలనొప్పి అయింది. మర్చంట్ నేవీ ఇంజనులు ముప్పయింటిని 1956, 1959 సంవత్సరాల మధ్య గొలుసులు తొలగించి తిరిగి నిర్మించారు.

దీనికంటె పెద్ద సాహసం లీడర్ అనే ఇంజను. డీజిలు ఇంజనువలె రెండు చివరల డ్రైవరు గదులు, మధ్యలో బాయిలరు, ప్రతి చక్రమూ లాగే విధంగా రెండు ఆరు చక్రాల బోగీలు — ఆవిరితోనే ఆధునికతను సాధించాలన్నది ఆయన పట్టుదల. అయిదింటికి ఉత్తరువు లభించింది. 1949లో ఒక్కటి మాత్రమే పూర్తయి పట్టాలెక్కింది. మధ్యన ఇరుకు గదిలో నిలబడి బొగ్గు వేసే ఫైర్‌మన్ ఆ వేడిమికి తాళలేకపోయేవాడు. బరువు ఒకవైపుకు ఒరిగేది. బ్రిటిష్ రైల్వేలు అప్పటికే జాతీయం చేయబడినవి. కొత్త యాజమాన్యానికి ఈ ప్రయోగాలపై మక్కువ లేదు. 1951లో ఆ పథకం రద్దయి, అయిదు ఇంజనులూ తుక్కు కిందకు పోయాయి. అయితే ఆ సమయానికి బులీడ్ ఇంగ్లండులో లేడు. 1949లోనే ఉద్యోగం విడిచి ఐర్లండు చేరాడు.

ఆయన చేరేనాటికి ఐర్లండు రైళ్ళ దుస్థితి ఎటువంటిదో తెలుసుకోవడం అవసరం. 1945లో కోరస్ ఉంపర్ ఏరన్ అనే రవాణా సంస్థ ఏర్పడింది. సంక్షిప్తంగా దానిని సి.ఐ.ఇ. అంటారు. పూర్వపు చిన్నా పెద్దా రైలు కంపెనీల వారసత్వంగా దానికి నాలుగు వందలకు పైగా ఆవిరి ఇంజనులు సంక్రమించాయి. వాటిలో కొన్ని పందొమ్మిదవ శతాబ్దంలో నిర్మించినవి. 1866లో మొదలుపెట్టి నలభై ఏళ్ళ పాటు ఒకే నమూనాతో 111 ఇంజనులను నిర్మించిన తరగతి ఒకటి ఉండేది. ఆ ముదుసలులే ఇంకా సరకు బళ్ళను లాగుతున్నాయి. మరొకవైపు 1939, 1940 సంవత్సరాలలో ఇంచికోర్‌లో నిర్మించిన మూడు మహాశక్తిమంతమైన ఇంజనులు ఉన్నాయి. వాటికి మేలైన బొగ్గు దొరకక, పుట్టుకతోనే పస్తులున్నట్లయింది.

యుద్ధకాలంలో బ్రిటన్ బొగ్గు ఎగుమతిని దాదాపు నిలిపివేసింది. వచ్చిన కొద్దిపాటిలో రాళ్ళు, పొడి ఎక్కువ. బొగ్గు పొడిని ముద్దలు చేసి కాల్చారు, చెక్క కాల్చారు, పీట్ కాల్చారు. పొయ్యిలో కరిగి గడ్డకట్టిన మడ్డిని తీయడానికి దారిలో పలుమార్లు బండి ఆపవలసి వచ్చేది. కొద్ది గంటల ప్రయాణం ఒక పగలూ ఒక రాత్రీ పట్టిన సందర్భాలు ఉన్నాయి. యుద్ధం ముగిసినా కష్టం తీరలేదు. 1947 శీతకాలంలో మంచు, బొగ్గు కరువు కలిసివచ్చి ప్రయాణికుల బళ్ళను దాదాపు పూర్తిగా నిలిపివేయవలసి వచ్చింది. ఆ సంవత్సరమే కొన్ని ఇంజనులను నూనెతో మండేటట్లు మార్చి, దూరం నుండే గుర్తుపట్టడానికి వాటిపై పెద్ద తెల్లని వలయాలు గీశారు. బొగ్గు కొంత దొరకగానే వాటిని మరల పూర్వస్థితికి తెచ్చారు. ఇది రోగికి చికిత్స కాదు, ఉపశమనం మాత్రమే.

ఈ పరిస్థితిని పరిశీలించడానికి 1948లో సర్ జేమ్స్ మిల్న్ ఆధ్వర్యంలో ఒక విచారణ జరిగింది. అందులో పాల్గొన్న ఇంజనీరు బులీడ్. ఆ నివేదిక డీజిలు పట్ల ఉత్సాహం చూపలేదు. కాని ఐర్లండులో అప్పటికే గాలి మరోవైపు వీస్తున్నది. ఇంచికోర్ కర్మాగారం షంటింగుకు పనికివచ్చే అయిదు చిన్న డీజిలు ఇంజనులను స్వయంగా నిర్మించుకున్నది. 1950, 1951 సంవత్సరాలలో సుల్జర్ యంత్రాలతో ప్రధానమార్గపు డీజిలు ఇంజనులు రెండింటిని కూడా అక్కడే తయారుచేశారు. సలహాదారుగా వచ్చి, అనతికాలంలోనే ముఖ్య యాంత్రిక ఇంజనీరైన బులీడ్ ముందు రెండు దారులు నిలిచాయి. ఒకటి తాను ప్రేమించినది. రెండవది దేశానికి కావలసినది.

ఇంచికోర్ కర్మాగారం 1846లో ఏర్పడినది. గోడల మధ్య ఒక చిన్న పట్టణం వలె ఉండేది. దాని పక్కనే ఇంజనుల షెడ్డు. డబ్లిన్ నగరంలో మరికొన్ని షెడ్లు ఉండేవి. పశ్చిమ ప్రాంతపు బళ్ళకు బ్రాడ్‌స్టోన్, ఆగ్నేయ తీరపు బళ్ళకు గ్రాండ్ కెనాల్ స్ట్రీట్, ఉత్తరాదికి వెళ్ళే గ్రేట్ నార్తరన్ కంపెనీకి ఆమియన్స్ స్ట్రీట్. వీటిలో గ్రాండ్ కెనాల్ స్ట్రీట్ ప్రాచీనమైనది. 1841లో అక్కడి కర్మశాలలో నిర్మించిన ఇంజను, ఒక రైలు కంపెనీ తన కోసం తానే తయారుచేసుకున్న ఇంజనులలో ప్రపంచంలో మొదటిదిగా ప్రసిద్ధికెక్కింది. డబ్లిన్‌కు వెలుపల కార్క్, లిమరిక్, వాటర్‌ఫర్డ్, అథ్‌లోన్, ట్రలీ, స్లైగో వంటి ఊళ్ళలో షెడ్లు ఉండేవి. శాఖామార్గాల చివరన ఒకే ఒక ఇంజను పట్టే చిన్న కొట్టాలు ఎన్నో.

ఆవిరి ఇంజనుకు చేసే సేవ పాడిపశువుకు చేసే చాకిరీ వంటిది. అది పని చేసినా చేయకపోయినా దాని వెంట మనిషి ఉండి తీరాలి. బండి ఉదయం ఏడు గంటలకు బయలుదేరాలంటే అర్ధరాత్రి దాటగానే ఒకరు వచ్చి పొయ్యి రాజేయాలి. నీరు మరిగి ఆవిరి పీడనం ఏర్పడటానికి గంటల కాలం పడుతుంది. బొగ్గు ఎత్తాలి, నీరు నింపాలి, పొడి ఇసుక పోయాలి, కీలు కీలుకూ నూనె పెట్టాలి. సాయంత్రం తిరిగి వచ్చాక బూడిద గుంటపై నిలిపి నిప్పులు దింపాలి. పొగగూటిలోని మసి తోడాలి. గొట్టాలను కడ్డీలతో శుభ్రం చేయాలి. కొన్ని రోజులకొకసారి బాయిలరును చల్లార్చి, లోపలి మడ్డిని కడిగి, మరల వేడి చేయాలి. ఆ దినమంతా ఇంజను పనికిరాదు. తిరుగుబల్లపై దానిని ముఖం మళ్ళించడం వేరొక పని. ఈ పనులకు ఎందరో మనుషులు. అందులో అడుగున ఉండేవాడు గుడ్డ పట్టుకొని ఇంజను తుడిచే కుర్రవాడు. అతడే కాలక్రమంలో ఫైర్‌మన్, ఆపై డ్రైవరు కాగలడు. షెడ్డు అతనికి పాఠశాల. తండ్రి తుడిచిన ఇంజనును కొడుకు నడిపిన కుటుంబాలు ఆ పేటలలో కనిపించేవి.

డీజిలు ఇంజనుకు ఇవేవీ అక్కరలేదు. మీట నొక్కిన కొద్ది నిమిషాలకే అది బయలుదేరగలదు. రెండు చివరలా డ్రైవరు గది ఉంటే తిరుగుబల్లతో పనిలేదు. బూడిద లేదు. నడుమ నీటికి ఆగనక్కరలేదు. రాత్రీ పగలూ తిరగగలదు గనుక తక్కువ ఇంజనులతో ఎక్కువ బళ్ళు నడుపవచ్చు. లెక్క వేసినవారికి ఇది నిస్సందేహమైన లాభం. షెడ్డులో పనిచేసేవారికి మాత్రం ఆ లెక్కలోని ప్రతి తీసివేతకూ ఒక మనిషి ముఖం ఉండేది.

మార్పు రైలుకార్లతో ఆరంభమైంది. 1952 నుండి 1954 వరకు ఎ.ఇ.సి. సంస్థ నుండి 60 డీజిలు రైలుకార్లు వచ్చి చేరాయి. ఇవి బస్సు యంత్రాల వంటి యంత్రాలు అడుగున అమర్చిన బోగీలు. శుభ్రమైనవి, వేగమైనవి. ప్రయాణికులు వాటిని హర్షించారు. నష్టంలో కూరుకొనిపోయిన వెస్ట్ క్లేర్ చిన్న గేజి మార్గంలో సైతం 1952లో డీజిలు రైలుకార్లు ప్రవేశించాయి.

1954లో సి.ఐ.ఇ. చరిత్రాత్మకమైన నిర్ణయం తీసుకొన్నది. మాంచెస్టర్‌కు చెందిన మెట్రోపాలిటన్ వికర్స్ సంస్థకు ఒకేసారి 94 డీజిలు ఇంజనులకు ఉత్తరువు ఇచ్చింది. అందులో 1200 అశ్వశక్తి గల ఎ తరగతివి 60, 550 అశ్వశక్తి గల సి తరగతివి 34. దీనికి తోడు సుల్జర్ యంత్రాలు గల మరి 12 ఇంజనులను బర్మింగ్‌హామ్‌లోని మరొక సంస్థ నుండి తెప్పించారు. ఐరోపాలో పెద్ద పెద్ద దేశాలు ఇంకా ఆవిరి ఇంజనులు నిర్మిస్తూ ఉండగా ఇంత చిన్న దేశం ఒక్క పట్టున ఆవిరిని వదలడానికి సిద్ధపడటం సాహసమే. బ్రిటన్‌లో సైతం ఆవిరి ఇంజనుల నిర్మాణం 1960 వరకు సాగింది.

1955లో ఎ తరగతి ఇంజనులు ఓడలలో దిగడం ప్రారంభమైంది. వాటికి వెండిరంగు పూశారు. ఆవిరి ఇంజనుల పొగతో, మసితో నిండిన షెడ్లలోనే వాటిని కూడా నిలుపవలసి వచ్చింది. ఆ వెండిరంగు ఎంతకాలం నిలుస్తుంది? కొద్దికాలంలోనే అవి మాసిన పాత్రల వలె కనిపించసాగాయి. తరువాత ఆకుపచ్చ రంగు వేశారు. రంగు సంగతి చిన్నదే. కాని ఆ కాలపు షెడ్డు స్వరూపమంతా అందులో ఉన్నది. ఒకే కప్పు కింద ఒకవైపు నిప్పులు దింపుతుంటే, మరొకవైపు ధూళి సోకరాని విద్యుత్ పరికరాలను విప్పుతుండేవారు. ఒకరి చేతిలో పార, మరొకరి చేతిలో విద్యుత్ మీటరు. బాయిలరు పనివారు ఇంధన పంపుల పని నేర్చుకోవలసి వచ్చింది. డ్రైవర్లు నలభై ఏళ్ళ అనుభవాన్ని పక్కన పెట్టి మరల విద్యార్థులై కూర్చున్నారు. మరొక చిక్కు కూడా వచ్చింది. బోగీలను వెచ్చబరచడానికి ఆవిరి ఇంజను తన ఆవిరినే ఇచ్చేది. డీజిలుకు ఆవిరి ఎక్కడిది? అందుకోసం చిన్న బాయిలరు అమర్చిన ప్రత్యేక వ్యానులను నిర్మించి బళ్ళకు తగిలించారు. రంగు వేయని లోహపు రేకులతో చేసిన ఆ వ్యానులను రేకు డబ్బాలని జనం పిలిచేవారు. ఆవిరిని ముందునుండి తొలగించి వెనుక తగిలించినట్లయింది.

అన్నిటినీ మించిన చిక్కు ఇంజనుల గుండెలోనే ఉన్నది. మెట్రోపాలిటన్ వికర్స్ వారు వాటిలో క్రాస్లీ సంస్థ తయారుచేసిన రెండు స్ట్రోకుల యంత్రాలు బిగించారు. నిర్మాణం సరళంగా ఉంటుంది, ధర అనుకూలంగా ఉంటుంది. కాని అవి విపరీతంగా కంపించేవి. నూనె కారేది. నల్లని పొగ కక్కేవి. భాగాలు పగిలేవి. ఇంచికోర్ షెడ్డుకు ఊపిరి తిరగని పని పడింది. అదే యంత్రం అమర్చిన ఇంజనులు పశ్చిమ ఆస్ట్రేలియాలోను, తరువాత బ్రిటన్‌లోను అటువంటి చిక్కులే తెచ్చిపెట్టాయి గనుక లోపం షెడ్డు పనివారిది కాదని స్పష్టమే. ఆ నింద బులీడ్‌కు ఎంతవరకు చెందుతుంది? ఉత్తరువు సంస్థ యాజమాన్యం ఇచ్చినది. కాని సాంకేతిక శాఖకు అధిపతి ఆయనే. ఒకటి రెండింటిని తెప్పించి, రెండు శీతకాలాలు నడిపి చూసి, ఆ పిమ్మట 94 కొనవలసింది. సొంత ఊహలతో ఆవిరి ఇంజనుల విషయంలో పడిన తొందరపాటే ఇతరుల యంత్రాల విషయంలోనూ ఆయనను వెంటాడినదేమో అనిపిస్తుంది.

ఇంత పని నడుమ కూడా ఆవిరిపై ఆయన మమకారం చావలేదు. ఐర్లండు భూమిలో బొగ్గు లేకున్నా పీట్ అపారంగా ఉన్నది. వేల సంవత్సరాలుగా చిత్తడి నేలల్లో నాచు, గడ్డి కుళ్ళి పేరుకొన్న నల్లని మన్ను అది. అక్కడి రైతులు దానిని ఇటుకలుగా కోసి, మన పల్లెల్లో పిడకలు పేర్చినట్లు గుట్టలుగా పేర్చి ఎండబెట్టి, పొయ్యిలోకి వాడుకుంటారు. 1946లో ఆ దేశ ప్రభుత్వం పీట్ అభివృద్ధికి బోర్డ్ నా మోనా అనే సంస్థను స్థాపించింది. 1950లో పీట్‌తో విద్యుత్తు తయారుచేసే కేంద్రం పోర్టార్లింగ్టన్‌లో పనిచేయనారంభించింది. కాబట్టి పీట్‌తో రైలును నడపాలన్న బులీడ్ ఆలోచనను వృద్ధుని చాపల్యమని కొట్టివేయడం న్యాయం కాదు. విదేశీ బొగ్గు నుండి విముక్తి పొంది విదేశీ నూనెకు బానిస కావడమెందుకన్న ప్రశ్న అందులో ఉన్నది.

పీట్‌తో చిక్కు ఏమంటే అది బరువుకు తగిన వేడి ఇవ్వదు. తేమ ఎక్కువ. బొగ్గుతో పోలిస్తే సుమారు రెట్టింపు కాల్చాలి. ఆ వేగంతో మనిషి పారతో వేయలేడు. తేలికైన నలుసులు పొగగొట్టం ద్వారా నిప్పురవ్వలై ఎగిరిపోతాయి. బులీడ్ మొదట 356 సంఖ్య గల పాత ఇంజనును తీసుకొని, పీట్‌ను మరచుట్ల యంత్రంతో పొయ్యిలోకి తోసే ఏర్పాటు చేసి, 1950వ దశకం తొలి సంవత్సరాలలో పరీక్షలు జరిపాడు. ఆ అనుభవంతో సరికొత్త ఇంజనును రూపొందించాడు. 1957లో అది ఇంచికోర్ నుండి బయటికి వచ్చింది. దాని పేరు సి.సి. 1. చూపులకు ఆవిరి ఇంజను వలె ఉండదు. రేకు పెట్టె వలె ఉంటుంది. మూడేసి ఇరుసులు గల రెండు బోగీలు, ఇరుసులను కలిపే గొలుసులు, ప్రతి చక్రానికీ లాగే శక్తి. లీడర్‌ను చూసినవారికి అది దాని తమ్ముడని తెలిసిపోతుంది. లీడర్ నేర్పిన పాఠాలు కూడా అందులో ఉన్నాయి. గొలుసులు ఉన్నా, ఇతర విషయాలలో నిర్మాణాన్ని సరళం చేశాడు. ఆ ఇంజను పరీక్షలలో కదిలింది, బళ్ళను లాగింది. ఐర్లండు రైల్వే కోసం నిర్మించిన చివరి ఆవిరి ఇంజను అదే.

కాని దానికి ఆలస్యమైపోయింది. డీజిలు ఇంజనులు అప్పటికే షెడ్లను నింపివేశాయి. ఒకే ఒక పీట్ ఇంజను కోసం ఇంధనపు గోదాములు, ఎత్తే యంత్రాలు, నీటి స్తంభాలు దేశమంతటా నిలుపుకోవడం ఎవరి వల్ల అవుతుంది? 1958లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, బులీడ్ పదవీ విరమణ చేశాడు. ఆయన వెళ్ళిపోయాక దానిని పట్టించుకునేవారు లేకపోయారు. ఇంచికోర్ ఆవరణలో కొన్నేళ్ళు నిలిచి ఉండి, 1965లో అది తుక్కు అయింది.

విచిత్రమేమంటే ఆయన విరమించిన సంవత్సరమే సి.ఐ.ఇ. చేతికి మరల ఆవిరి ఇంజనులు వచ్చిపడ్డాయి. సరిహద్దుకు ఇరువైపులా నడిచిన గ్రేట్ నార్తరన్ బోర్డును 1958 అక్టోబరు 1న రద్దుచేసి, ఆస్తులను రెండుగా పంచారు. ఎనభైకి పైగా ఆవిరి ఇంజనులు సి.ఐ.ఇ. వాటాకు వచ్చాయి. ఆరిపోబోయే దీపంలో మరికొంత నూనె పోసినట్లయింది. 1961లో జనరల్ మోటార్స్ సంస్థ నుండి 15 ఇంజనులు, 1962లో మరి 37 రావడంతో ఆ దీపం కూడా కొండెక్కింది. 1963లో సి.ఐ.ఇ. మార్గాలపై ఆవిరి యుగం ముగిసింది. 1961లో వచ్చిన అమెరికా ఇంజనులకు ఒకవైపే డ్రైవరు గది. అక్కరలేదని అనేక చోట్ల తిరుగుబల్లలు తీసివేయగా, ఈ కొత్త ఇంజనుల ముఖం తిప్పడానికి అవే కావలసి వచ్చాయి. ఇక ఉత్తర ఐర్లండులో రాళ్ళ బళ్ళను లాగుతూ ఆవిరి ఇంజనులు 1970 వరకు బతికాయి.

షెడ్లలో కొన్ని మూతపడ్డాయి, కొన్ని రూపం మార్చుకున్నాయి. బ్రాడ్‌స్టోన్ స్టేషను 1937లోనే ప్రయాణికులకు మూతపడినా, షెడ్డు మాత్రం 1961 వరకు పొగ విడుస్తూనే ఉన్నది. ఆ ఆవరణ బస్సుల డిపో అయింది. శాఖామార్గాల చివరన ఉన్న ఒంటి కొట్టాలు, వాటి శాఖలతో పాటే అంతరించాయి. ఇంచికోర్ నిలిచింది. అక్కడే, 1968 నుండి 1971 వరకు, ఎ తరగతి ఇంజనుల నుండి క్రాస్లీ యంత్రాలను పెకలించి జనరల్ మోటార్స్ యంత్రాలు అమర్చారు. ఆ వెంటనే సి తరగతికీ అదే చికిత్స జరిగింది. గుండె మార్చిన తరువాత అవి నమ్మకమైన ఇంజనులుగా పేరు తెచ్చుకొని, ఎ తరగతి 1995 వరకు సేవలందించింది. బులీడ్ తెప్పించిన పెట్టెలు మంచివే, లోపలి యంత్రమే చెడ్డదని అప్పుడు రుజువైంది. వాటిలో కొన్నింటిని రైలు అభిమానులు భద్రపరచుకున్నారు.

విరమణ పిమ్మట బులీడ్ కొంతకాలం ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో నివసించి, చివరి రోజులలో మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపానికి చేరాడు. ఆ ద్వీపంలో ఒకప్పుడు ఒక చిన్న రైలుమార్గం ఉండేది. 1931లోనే దానిని మూసివేశారు. రైలు కూత వినిపించని ఆ చోట 1970 ఏప్రిల్ 25వ తేదీన, ఎనభై ఏడేళ్ళ వయసులో, ఆయన కన్నుమూశాడు. ఆ వేసవిలో ఇంచికోర్ పనివారు ఎ తరగతి ఇంజనుల యంత్రాలను ఒక్కొక్కటిగా మారుస్తూనే ఉన్నారు.